క్షణకాలపు తీర్పు

మేము వృత్తిచేత ఉపాధ్యాయులము. పగటివేళ బాలబాలికలకు తెలుగును, ఇంగ్లీషును బోధించుటయు, రాత్రివేళ వారి వ్రాతలలోని తప్పులను ఎఱ్ఱసిరాతో దిద్దుటయు మా పని. ఇరువది సంవత్సరములుగా ఈ పని చేయుచుండుటచేత మాకొక దురహంకారము అలవడినది. ఎవరు నిజము చెప్పుచున్నారో, ఎవరు కల్పించి చెప్పుచున్నారో మొగము చూచిన క్షణముననే కనిపెట్టగలమని మా నమ్మకము. ఇంటిపని వ్రాయక వచ్చిన బాలుడు “పుస్తకం పోయింది సార్” అనగానే, అది నిజముగా పోయినదో, వాడు పోయినట్లు నటించుచున్నాడో చెప్పగలమని తోటి ఉపాధ్యాయులతో ఎన్నియో మాఱులు గొప్పగా పలికియున్నాము. ఆ గర్వము భంగమైన విధమును చదువరులకు మనవి చేసికొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. దానిని భంగపఱచినది శాస్త్రగ్రంథము కాదు, పండితుని వాదము కాదు. ఒక తెలుగు చలనచిత్రము.

చలనచిత్రములను గూర్చి మా యభిప్రాయము మొదటినుండియు గొప్పది కాదు. అందును ముక్కోణపు ప్రేమకథ యన్నచో మాకు విసుగు. ఇద్దఱు పురుషులు, ఒక స్త్రీ. లేదా ఇద్దఱు స్త్రీలు, ఒక పురుషుడు. నడుమ అయిదాఱు పాటలు. కడపట నొకరి త్యాగము. దానికి అపహరణమును, హత్యయు, మలుపులును చేర్చినచో విసుగు రెట్టింపగునే కాని తగ్గదని మా తలంపు. అట్టి మమ్ము ఒక శనివారపు రాత్రి మా కుమార్తె పట్టుపట్టి కూర్చుండబెట్టినది. “నాన్నా, చివరిదాకా లేవకుండా చూడాలి. మధ్యలో తప్పులు పట్టకూడదు” అని ముందుగనే షరతు విధించినది. ఆ చిత్రము పేరు ‘క్షణం’. 2016వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీన విడుదలయైనది. దర్శకుడు రవికాంత్ పేరేపు; కథానాయకుడు అడివి శేష్; కథాకల్పనయందును ఆతని చేయి కలదు. 2017లో ఇదియే ‘సత్య’ యను పేర తమిళమునను, 2018లో ‘బాఘీ 2’ అను పేర హిందీయందును మఱల తీయబడినది. హిందీవారు నాయకుని సైనికుని గావించి, కండబలముతో కథ నడిపించిరి. తెలుగు నాయకుడు ఉద్యోగస్థుడు. అతడు చేయు పని ముఖ్యముగా తలుపులు తట్టి మనుష్యులను అడుగుట.

కథ చెప్పనిదే మా మాట సాగదు; ఇంకను చూడనివారు మన్నింతురు గాక. ఋషియు, శ్వేతయు చదువుకొను దినములలో ప్రేమించుకొందురు. తండ్రి ఇష్టమునకు తలవంచి శ్వేత కార్తీక్ అనువానిని పెండ్లాడును. ఋషి అమెరికా పోవును. కొన్నియేండ్ల పిదప శ్వేతయొద్దనుండి అతనికి పిలుపు వచ్చును. తన కూతురిని ఎవరో ఎత్తుకొనిపోయిరనియు, తన మాట నమ్మువారు లేరనియు ఆమె మొఱపెట్టుకొనును. అతడు హైదరాబాదు వచ్చి విచారింపగా ఆ బిడ్డను చూచితిమని చెప్పువారు దొరకరు. ఇరుగుపొరుగువారు ఎఱుగమందురు. పోలీసువారు విచారణ ముగించి కాగితములు కట్టి పెట్టియుందురు. తుదకు భర్తయే ఋషిని చేరబిలిచి, దుండగులు కొట్టిన దెబ్బచేత ఆమె మతి చలించినదనియు, లేని బిడ్డను ఉన్నట్లు భావించుచున్నదనియు శాంతముగా చెప్పును. ఋషియు నమ్మును. ఒకనాడు తన్ను ప్రేమించినవాడు సైతము నమ్మలేదని తెలిసిన పిదప ఆమె తన ప్రాణము తానే తీసికొనును. బిడ్డ నిజముగనే ఉన్నదనుట ఆ తరువాత తేలును.

ఋషితోపాటు మేమును నమ్మితిమి. భర్త మాట నెమ్మదిగా నుండెను. భార్య మాట తడబడుచుండెను. నెమ్మదిగా చెప్పబడినదే నిజమని మా చెవి తీర్పు చెప్పెను. “పాపం, ఆమెకు మతి పోయింది” అని పైకి కూడ అంటిమి. మా కుమార్తె మా వంక చూచి చిఱునవ్వు నవ్వి యూరకుండెను. అటుపిమ్మట శ్వేత మరణించినది. బిడ్డ ఉన్నదని తేలినది. “చూశావా నాన్నా?” అని మా కుమార్తె అడిగెను. మేము బదులు చెప్పలేదు. మా కన్నులకు తెరమీది బొమ్మలు కానవచ్చుట మానినవి. ఆకుపచ్చని ఫైలొకటి కానవచ్చుచుండెను.

ఆ ఫైలు సంగతి చెప్పవలెను. మా శిష్యురాలొకతె, పేరు చెప్పుట న్యాయము కాదు, పండ్రెండేండ్ల క్రిందట మా తరగతిలో చదివినది. ఛందస్సు చెప్పుచుండగా గణములను వ్రేళ్లపై లెక్కించి అందఱికన్న ముందు జవాబు చెప్పునది. ఇంజనీరింగు చదివి మాదాపూరులో నొక ఆఫీసున ఉద్యోగము సంపాదించినది. పెండ్లికి మమ్ము పిలువగా పోయి అక్షింతలు వేసి వచ్చితిమి. వరుడును అట్టి యుద్యోగియే, మితభాషి, వినయశీలి, మా పాదములకు నమస్కరించినాడు. అంతటితో అతడు మంచివాడని మేము నిశ్చయించుకొంటిమి.

నిరుటి వేసవిలో నొకనాటి సాయంకాలము ఆమె మా యింటికి ఒంటరిగా వచ్చినది. తన చదువు పత్రములు, పదవ తరగతి మెమో మొదలు డిగ్రీ పట్టా వఱకు, ఇంటినుండి మాయమైనవని చెప్పినది. తాను వేఱొక యుద్యోగమునకు ప్రయత్నించుట మొదలిడిన వారమునందే ఇది జరిగినదట. భర్తయే దాచెనని ఆమె నమ్మకము. అడిగినచో, ‘పెండ్లికి ముందే హాస్టలులో ఎక్కడనో పోగొట్టుకొంటివి, అవి ఈ యింటికి రానేలేదు’ అని అతడు నెమ్మదిగా చెప్పునట. అత్తవారును, తుదకు కన్నవారును ఆమెయే మఱచినదనుచున్నారట. “సార్, నాకే నామీద అనుమానం వస్తోంది. నిజంగా నేనే పోగొట్టుకున్నానేమో అనిపిస్తోంది” అని కన్నీరు పెట్టుకొన్నది.

అయితే ఆమె రాకకు రెండుదినములు ముందుగనే భర్త మాకు ఫోను చేసియుండెను. “సార్, తను మీ దగ్గరికి వస్తుందేమో. మీరంటే తనకు చాలా గౌరవం. ఈమధ్య అన్నీ మరిచిపోతోంది, లేనివి ఊహించుకుంటోంది. ఆఫీసులో ఒకతనితో స్నేహం ఎక్కువైంది. దాని గురించి నేను అడిగినప్పటినుంచి ఇలా మాట్లాడుతోంది. మీరే కాస్త నచ్చచెప్పండి” అని మిక్కిలి మర్యాదగా పలికెను. మా తీర్పు ఆ క్షణముననే అయిపోయినది. రెండుదినముల పిదప ఆమె చెప్పుచుండగా మేము వినుచున్నది పత్రముల సంగతి కాదు. ఆ మూడవ మనిషి ఎవడా యని ఆలోచించుచుంటిమి. ఆమె “సార్, మీకు గుర్తుందా, అప్పుడు నేను…” అని ఏదియో మొదలుపెట్టినట్లు ఇప్పుడు జ్ఞప్తికి వచ్చుచున్నది. మేము ఆ వాక్యమును పూర్తి కానీయలేదు. “అమ్మా, సంసారమన్నాక ఇలాంటివి ఉంటాయి. కొన్నాళ్లు సెలవు పెట్టి విశ్రాంతి తీసుకో. అతను మంచివాడు” అని హితవు చెప్పితిమి. ఆమె మా మొగము వంక ఒక క్షణము చూచి, “సరే సార్” అని లేచి పోయెను. మా గృహిణి తెచ్చిన కాఫీ బల్లమీద చల్లాఱిపోయెను.

ఆమె పూర్తిచేయలేకపోయిన వాక్యము ‘క్షణం’ చూచిన రాత్రి మాకు పూర్తిగా వినవచ్చినది. పెండ్లియైన మఱుసటి యేట ఆమె ఆకుపచ్చని ఫైలొకటి చేతబట్టుకొని మా యింటికి వచ్చినది. మెమోలో ఇంటిపేరు ఒక విధముగను, డిగ్రీ పట్టాలో వేఱొక విధముగను అచ్చైనదని చూపి, సవరణకై ఇంగ్లీషున అర్జీ వ్రాసి యిమ్మని అడిగినది. మేమే ఆ పత్రములను ఒక్కొక్కటిగా తీసి, అక్షరములు సరిచూచి, చిత్తుప్రతి వ్రాసి యిచ్చితిమి. పత్రములు పెండ్లికి ముందే పోయినవను మాట అబద్ధమనుటకు కనులార చూచిన సాక్షి యొకడుండెను. ఆ సాక్షియొద్దకే ఆమె వచ్చినది. సాక్షి మఱచిపోయెను.

శకుంతలకథను ఏటేట బాలురకు చెప్పు మాకు ఈ కథ ఇంత దగ్గఱగా వచ్చి నిలుచునని తోచలేదు. ఆ కథ రెండు విధములుగా నున్నది. మహాభారతమున, నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వమున, ఉంగరము లేదు, దుర్వాసుని శాపము లేదు. శకుంతల కొడుకును వెంటబెట్టుకొని సభకు వచ్చును. రాజు ఎఱిగియు ఎఱుగనని బొంకును. ఆకాశవాణి పలికిన పిమ్మట, లోకులు శంకింతురను భయముచే నట్లంటినని సమాధానము చెప్పుకొనును. కాళిదాసు రాజును ఆ యపకీర్తినుండి తప్పింపగోరి శాపమును కల్పించెను. ఉంగరము నీట జాఱును, చేప మ్రింగును, జాలరి చేజిక్కును, అది కంటబడగనే రాజునకు జ్ఞాపకము వచ్చును. ఈ కల్పనను మేము ఇన్నాళ్లును మెచ్చుకొనుచుంటిమి. ఇపుడు మాత్రము ఒక సందేహము కలిగినది. శాపమున్నను లేకున్నను సభలో నిలిచిన స్త్రీకి జరిగినది ఒక్కటియే గదా! రాజు మఱచెనా, బొంకెనా యను భేదము రాజునకు ముఖ్యము, ఆమెకు కాదు. మేము మఱచితిమే కాని బొంకలేదని మాకు మేము ఊఱట చెప్పుకొనవచ్చును. ఆ యూఱట ఆమెకు ఏమి ప్రయోజనము? పైగా మమ్ము శపించిన దుర్వాసుడెవడు? మర్యాదగా వచ్చిన ఒక ఫోను పిలుపు.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రమున విషాదనాటకపు కథకు బలమిచ్చునవిగా రెంటిని చెప్పెను: కథాగతి తలక్రిందగుటయు, తెలియనిది తెలియవచ్చుటయు. రెండును ఒక్కమాఱే కలిగినచో శ్రేష్ఠమని ఆయన మతము. నేటివారు మలుపు అనుచున్నది దీనినే. కాని తెలివి ఎవరికి కలుగుచున్నదో చూడుడు. శ్వేత చెప్పినది మొదటినుండియు నిజమే; ఆమె కథలో మలుపు లేదు. మలుపు ఆమెను నమ్మనివారికి మాత్రమే. తెరముందు కూర్చున్న మనము దానిని చూచి ఆశ్చర్యపడి చప్పట్లు కొట్టుదుము. ఆ యాశ్చర్యము మన తెలివికి కాక మన యపనమ్మకమునకు కొలత యని గ్రహింపము.

చిత్రమున తుదిమలుపు ఇంకొకటి కలదు. బిడ్డను మాయము చేయించినవాడు భర్తయే. ఆ బిడ్డ తనది కాదనియు, ఋషిదనియు అతడు తెలిసికొనెను. అనగా అతని యనుమానము నిజమే. షేక్స్పియరు నాటకమున ఒథెల్లో అనుమానము అబద్ధము. ఒక చేతిరుమాలును, ఒక కుటిలుని మాటను నమ్మి నిర్దోషియైన ఇల్లాలి ప్రాణము తీసెను. డెస్డిమోనా నిర్దోషి కావుననే మనకు జాలి కలుగుచున్నదని మేము తరగతిలో చెప్పుచుంటిమి. అది సులభమైన పాఠము. ‘క్షణం’ మమ్ము ఆ సులభమార్గమున పోనీయలేదు. అనుమానము నిజమైనను, బిడ్డను దాచి, తల్లిని పిచ్చిదానినిగా లోకముముందు నిలుపుట ఘోరపాపమే. ముక్కోణమున మూడవ కోణము ఉన్నదా లేదా యను ప్రశ్నకును, ఆమె చెప్పిన అన్యాయము జరిగినదా లేదా యను ప్రశ్నకును సంబంధము లేదు. మనము మాత్రము రెంటిని ముడివేయుదుము. ఒక స్త్రీ వచ్చి తనకు కీడు జరిగినదన్నచో మొదట వెదకునది మూడవ మనిషిని. వాడు దొరకినచో విచారణ ముగిసినదనుకొందుము. మా శిష్యురాలికి ఆఫీసులో నున్న స్నేహితుడు ఎట్టివాడో మాకు నేటికిని తెలియదు. తెలియవలసిన పనియు లేదు. ఫైలు ఎచ్చటనున్నది? అడుగవలసిన ప్రశ్న అది యొక్కటియే. దానినే మేము అడుగలేదు.

ఇట్టి కథ మా నగరమున పుట్టుటయు వింత కాదు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరు రాతిగుట్టల నడుమ సైబర్ టవర్స్ అను గుండ్రని మేడను ప్రారంభించెను. ఆ మేడ చుట్టును హైటెక్ సిటీ పెరిగినది. గచ్చిబౌలి, కొండాపూరు, రాయదుర్గము కలిసిపోయినవి. 2020లో దుర్గము చెఱువుపై తీగెల వంతెన వెలసినది. తెలుగునాట నలుమూలలనుండియు, అన్యరాష్ట్రములనుండియు యువతీయువకులు వచ్చి అంతస్తులమీది యిండ్లలో కాపురముండిరి. పల్లెలో స్త్రీకి కన్నులు ఎక్కువై బాధ; ఇచట కన్నులు లేక బాధ. ఎదుటి వాకిట ఎవరున్నారో తెలియదు. వారి యింట బిడ్డ కలదో లేదో తెలియదు. ద్వారమున కాపలావాడు వచ్చిపోవువారి పేర్లు వ్రాసికొనును. గోడకు అమర్చిన కెమెరా రేయింబవళ్లు చూచుచుండును. అయినను ఒక మనిషికి మఱొక మనిషి సాక్షి కాడు. అందుచేత పలుకుబడియు, నెమ్మదియు గలవాడు చెప్పినదే సత్యమై నిలుచును.

ఇది తెరమీది ముచ్చటయే యనుకొనరాదు. 2019వ సంవత్సరము నవంబరు మాసమున, సైబరాబాదు పోలీసు పరిధిలోని శంషాబాదు చెంత, ఒక యువ పశువైద్యురాలు రాత్రి ఇల్లు చేరలేదు. కుటుంబమువారు ఠాణాకు పరుగెత్తిరి. ఆ చోటు తమ హద్దులోనిది కాదను మాటలతో కాలము గడచెననియు, ఆమె ఎవరితోనైన వెళ్లిపోయి యుండునని అనిరనియు వారు వాపోయిరి. మఱునాటి యుదయము ఆమె మృతదేహము కానవచ్చెను. ఫిర్యాదు నమోదు చేయుటలో జాగు చేసిరని ముగ్గురు పోలీసు ఉద్యోగులు సస్పెండు చేయబడిరి. కూతురేదని కన్నవారు అడుగగా, వారికి లభించినది మూడవ కోణమును గూర్చిన ఊహ. పిదప పదిదినములు గడువకమునుపే, డిసెంబరు 6వ తేదీన, నిందితులు నలుగురును పోలీసు కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. సంతోషించినవారిలో మేమును ఉంటిమని దాచనేల? సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషను నివేదిక 2022లో వెలువడినది. కాల్పులను గూర్చి పోలీసువారు చెప్పిన వృత్తాంతము నమ్మదగినది కాదని అందు తేల్చిరి. మొదట స్త్రీని గూర్చిన మొఱ వినుటకు ఓపిక లేకపోయినది. పిదప న్యాయస్థానము తీర్పు వినుటకు ఓపిక లేకపోయినది. రెండును ఒక్క వ్యాధియే. దాని పేరు క్షణకాలపు తీర్పు.

ఈ వ్యాధికి ధర్మశాసనము చెప్పు మందు చాల చిన్నది. 2013వ సంవత్సరము నవంబరు 12వ తేదీన లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు ఇట్లు నిర్ణయించినది: వచ్చిన ఫిర్యాదు పోలీసులు స్వయముగా పట్టదగిన నేరమును తెలుపుచున్నచో దానిని నమోదు చేయవలెను, నమ్మదగినదా కాదా యని ముందుగ తూచుచు కూర్చుండరాదు. కుటుంబ వివాదములు మొదలైన కొన్నింట ముందుగ కొంత విచారించుటకు అవకాశమిచ్చినను, దానికిని గడువు కట్టినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత, హద్దుతో నిమిత్తము లేక ఏ ఠాణాయందైనను సమాచారమును నమోదు చేయవలెనని వ్రాతమూలముగ చెప్పుచున్నది. సారాంశమిది: ముందు వ్రాసికొనుము, పిదప విచారింపుము. నమ్మకము తరువాతి మాట. ఈ చిన్న మర్యాదను మన యిండ్లలో మనము పాటించుచున్నామా?

మఱునాడు ఆదివారము. మేమును, మా గృహిణియు అటకమీది పాత నోటుపుస్తకములను దింపితిమి. మూడవ పుస్తకమున, సమాసముల ప్రశ్నలకును సంధుల ప్రశ్నలకును నడుమ, ఆ అర్జీ చిత్తుప్రతి దొరకినది, పైన తేదీ, లోపల మెమో సంఖ్యయు, పట్టా సంఖ్యయు మా చేతివ్రాతతోనే యున్నవి. ఆమెకు ఫోను చేసితిమి, ఎత్తలేదు. సందేశము పంపితిమి. సాయంకాలమునకు బదులు వచ్చెను: మాదాపూరులో నొక మహిళల హాస్టలు చిరునామా.

మా యిల్లు ఎఱ్ఱగడ్డలో. మానసిక వైద్యశాల మా పేటలో నుండుటచే, ఎవరి మాటయైన రుచింపనిచో ‘వీరిని ఎఱ్ఱగడ్డకు పంపాలి’ అని నగరవాసులు హాస్యమాడుదురు. మేమును ఆ హాస్యమునకు నవ్వినవారమే. ఆనాడు అమీర్‌పేటలో బండి మాఱి, హైటెక్ సిటీ వైపు పోవు మెట్రోలో కూర్చుండి, ఆ హాస్యమున ఎంతటి క్రౌర్యము కలదో తలచుకొంటిమి. మతి లేనిదన్న ఒక్క మాట చాలును. ఆ తరువాత ఆమె ఏమి చెప్పినను అది ఆ మతిలేమికే నిదర్శనమగును.

హాస్టలు ముందుగదిలో ప్లాస్టికు కుర్చీలలో కూర్చుంటిమి. ఆమె చిక్కినది. ఇల్లు విడిచి ఆఱు నెలలైనదట. నోటుపుస్తకము తెఱచి ఆమె చేతికిచ్చితిమి. చదువుచు చదువుచు ఆమె చేయి వణకినది. “అమ్మా, తప్పు మాది. నీ మాట పూర్తిగా వినలేదు. ఎక్కడ సాక్ష్యం చెప్పమంటే అక్కడ చెబుతాను” అంటిమి. ఆమె కొంతసేపటికి పలికినది: “మీరు నమ్మకపోయినా అంత బాధ ఉండేది కాదు సార్. ఆ రోజు నా మాట చివరిదాకా విని ఉంటే చాలు.” మా గృహిణి ఆమె చేయి పట్టుకొని యూరకుండెను.

మఱియొక సంగతి ఆమెవలన తెలిసినది. పోయిన పత్రములకు నకళ్లు పొందవలెనన్నచో, అవి పోయినవని ఆమెయే ప్రమాణపత్రము వ్రాసి యీయవలెను. “పోయాయని నేనే సంతకం పెడితే ఆయన మాటే నిజమవుతుంది సార్. అందుకే ఇన్నాళ్లూ పెట్టలేదు” అన్నది. ఉద్యోగము మాఱు నవకాశమును పోగొట్టుకొన్నది కాని ఆ సంతకము చేయలేదు. సత్యమును గూర్చి నిండుసభలో శకుంతలచేత నన్నయ పలికించిన పలుకులను ఏటేట బాలురచే వల్లె వేయించు మాకు, వాని యర్థము ఆ ప్లాస్టికు కుర్చీలో కూర్చున్న పిల్లవలన తెలిసినది.

మహిళా సహాయకేంద్రమున నొక యుద్యోగిని ఆమె చెప్పినదంతయు నాలుగు పుటలు వ్రాసికొన్నదట. తన్ను నమ్ముచున్నానని ఆ యుద్యోగిని అనలేదు. ఒక్కొక్క తేదీ అడిగి వ్రాసికొన్నది. ఆ నాలుగు పుటలే ఆమెను నిలబెట్టినవి. 2005వ సంవత్సరపు గృహహింస చట్టము ప్రకారము, స్త్రీకి చెందవలసిన సొత్తును తిరిగి యిప్పించుటకు మేజిస్ట్రేటునకు అధికారము కలదు. ఆ న్యాయస్థానమున అర్జీ నడచుచున్నది. మా నోటుపుస్తకము ఇపుడు ఆ కాగితములలో చేరినది.

ఇది చలనచిత్రము కాదు కావున ఇచ్చట ముగింపు లేదు. ఫైలు ఇంకను దొరకలేదు. అది ఎవరు దాచిరో తేల్చవలసినవారు న్యాయాధికారి. ఆ తీర్పును సైతము ముందుగ మేమే చెప్పివేయుదుమన్నచో మా పాతవ్యాధి తిరుగబెట్టినట్లే. మేము చెప్పగలిగినది మేము చూచిన దానిని మాత్రమే: ఫలానా తేదీన ఆ పత్రములు మా బల్లమీద నుండెను.

చదువరులారా, మీ యింటికిని ఎవరో యొకరు వత్తురు. మేనకోడలో, పనిమనిషియో, ఎదుటి యింటి కోడలో, మాట తడబడుచు ఏదియో చెప్పబోవును. ఆమెకు ముందుగ మఱొకరి నెమ్మదియైన మాట మీ చెవిని చేరియుండవచ్చును. ఆమెను వెంటనే నమ్ముడని మేము చెప్పజాలము. వాక్యము పూర్తి కానీయుడు. తేదీ అడుగుడు. వ్రాసికొనుడు. మీరు చూచినది ఏమైన నున్నదేమో జ్ఞాపకము తెచ్చుకొనుడు.

మొన్న తరగతిలో నొక బాలుడు లేచి “పుస్తకం పోయింది సార్” అనెను. అలవాటుచే వాని కన్నుల వంక చూడబోయి మానుకొంటిమి. కలము తీసి, “ఎప్పుడు పోయింది? చివరిసారి ఎక్కడ చూశావు?” అని అడిగితిమి. వాడు చెప్పనారంభించెను. మేము వ్రాసికొంటిమి.